చిత్తూరు దాకా మూడో గేరులో

తిరుపతి హోటళ్లలో జుట్టున్నవాడికి ఇడ్లీ ఆలస్యంగా వస్తుంది. గుండుతో కూర్చున్నవాడు యాత్రికుడు, రైలు అందుకోవాలి. జుట్టున్నవాడు ఊరివాడు, ఎక్కడికి పోతాడు? ఆ ఆదివారం నేను నిజంగానే పోవలసినవాణ్ణి. అయినా సర్వరు నా దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర దాటింది.

పోవలసింది చిత్తూరికి. మా మామగారికి అక్కడ బెల్లం మండీ ఉంది. ఎండాకాలం మూడు నెలలు వాడుకోమని తన కారు ఇచ్చారు. దాన్ని అప్పగించేసి సాయంత్రం రైల్లో తిరిగి రావాలన్నది ఏర్పాటు.

ఈ దారిన కారులో పోయేవారికి పనికొచ్చే సంగతి ఒకటి ముందే చెబుతాను. గేర్ బాక్సుకు పోసే నూనె వేరు, వెనక ఇరుసు మధ్య ఉండే క్రౌను అనే పళ్లచక్రానికి పోసే నూనె వేరు. కారు నా చేతికి వచ్చిన వారంలోనే, మెకానిక్ మునిరత్నం షెడ్డులో, ఈ జ్ఞానం నాకు ఉచితంగా దొరికింది.

"గేర్ బాక్సుకు మామూలు తొంభై నెంబరు ఆయిలే సార్. క్రౌన్ ఆయిల్లో గంధకం ఉండాది, వాసన సూడండి. లోపల గేర్లు పడేదానికి ఇత్తడి రింగులుండాయి, వాటిని తినేస్తాది," అన్నాడతను.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇత్తడిలో సగానికి పైగా రాగే. గంధకం రాగిని ఏం చేస్తుందో ఏటా బోర్డు మీద రాస్తాను. కానీ క్రౌన్ ఆయిల్ చిక్కగా ఉంది, ధర ఎక్కువ, పైగా డబ్బా మీద దాని గొప్పతనం ఇంగ్లీషులో రాసి ఉంది. అదే పోయమన్నాను. "సదువుకున్నోళ్లు, మీకు తెలీందా," అని పోశాడు.

ఎనిమిదికి బయలుదేరాను. చంద్రగిరి దగ్గర రెండో గేరు వేయబోతే డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు శబ్దం. కొత్తేమీ కాదు, పది రోజులుగా వినపడనట్టు నడుపుతున్నాను. పాకాల దాటాక రెండో గేరుతో పాటు మొదటిదీ పూర్తిగా మొండికేసింది. పూతలపట్టు దగ్గర ఎద్దులబండి వెనక ఆగి, మూడో గేరులోనే లాగబోతే కారు వణికి ఆగిపోయింది. మామిడికాయల గంపతో బస్సు కోసం నిలబడ్డ ముసలాయన వచ్చి వెనక నుంచి నెట్టాడు.

"కారులో పోతే బిరీన పోవచ్చునంటారు గదప్పా," అన్నాడు.

ఆయన్ను ఎక్కించుకున్నాను. చిత్తూరు దాకా మూడో గేరులోనే పోయాం. ఆయన గంపను రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

చేరేసరికి పదకొండు. మామగారు కారును మండీ చుట్టూ ఒక్కసారి తిప్పి దిగారు.

"ఎవురు సేసినారు అల్లుడా దీన్నిట్ల?"

"తిరుపతిలో మునిరత్నం షెడ్డులో ఆయిల్ మార్పించినాను మామా," అన్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, చూసుకోండి.

మామగారి రెండు లారీలూ ఆ షెడ్డుకే పోతాయి. వాటిలో ఒకదాన్ని బాగుచేసి అప్పగించడానికి మునిరత్నం ఆ పొద్దున్నే మండీకి వచ్చి ఉన్నాడు. ఇది నా ఏర్పాటులో లేదు.

పిలిపించారు. అతను కారు కిందికి దూరి, బోల్టు విప్పి, నూనెను రేకు తట్టలోకి దించాడు. ఎండలో పెడితే నల్లటి నూనెలో బంగారు పొడి చల్లినట్టు మెరిసింది. బంగారమైతే బాగుండేది.

"ఇత్తడంతా అరిగిపోయుండాది సావుకారూ. క్రౌన్ ఆయిల్ పోసినారు."

"పోసినారా? పోసింది నువ్వేనంట గదా! ఏ ఆయిల్ యాడ పోయాల్నో కూడా తెలీదా నీకు?"

మునిరత్నం నా వైపు చూశాడు. వాకిట్లో మా అత్తగారు, ఇద్దరు హమాలీలు నిలబడి ఉన్నారు. అత్తగారింట్లో అల్లుడి పరువు తీసే మాట మా వైపు ఎవరూ అనరు. ఆ మర్యాదను నమ్ముకుని నేను నా చెప్పులు పరిశీలిస్తున్నాను.

"నాదే తప్పు," అన్నాడతను.

"సరే. ఇంక మన లారీలు నీ దగ్గిరికి రావు. పో."

నన్ను భోజనానికి పిలిచారు. అల్లుడు వచ్చాడని వడలు, పాయసం. పాయసం రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. ఈ వివరం దాచడం న్యాయం కాదని రాస్తున్నాను.

సాయంత్రం నాలుగుంబావు బండికి టికెట్ కొన్నాను. పెట్టెలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీటు మునిరత్నం ఎదురుగా ఉంది. ఇద్దరం చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాం, ఎన్నడూ చూడనట్టు. పక్కనున్న పెద్దాయన ఏం పని చేస్తావని అడిగితే మునిరత్నం చెప్పాడు: రెండు లారీల మీదే తన షెడ్డు నడుస్తున్నదని, అవి ఈ పొద్దు పోయినాయని. ఎందుకు పోయినాయో చెప్పలేదు.

పాకాలలో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి విడిపోయింది. అరగంట ఆగుతుందన్నారు. కిటికీలోంచి రెండు టీలు కొని ఒకటి అతనికిచ్చాను. నేను చాలా ఊళ్లు తిరిగాను. ఇంత తక్కువ దూరం ఇంత పొడుగ్గా ఎప్పుడూ లేదు.

"రేపు మామగారికి అంతా వివరంగా ఉత్తరం రాస్తానప్పా," అన్నాను.

మునిరత్నం టీ ఊదుకుంటూ అవతలి ప్లాట్‌ఫారం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఉత్తరమెందుకు సార్? చిత్తూరు బండి అదో ఆడ నిలబడుండాది. దిగి పోండి."