పేలని మందు

మాది ఆత్మకూరు. నాయనకు బజారులో దుకాణం. పంతొమ్మిది వందల యాభైల్లో ఉదయగిరి నుంచి నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి ఎమ్మెస్సీ చదివాడు, ప్రభుత్వ పరిశోధనశాలలో సైంటిస్టు. అంతవరకూ అందరికీ బాగానే ఉంది. పేలుడు మందుల మీద పని అని మధ్యవర్తి నోరు జారాడు. మా అవ్వ మొహం మాడ్చుకుంది.

దానికి కారణముంది. మెట్ట ఊళ్ళలో బావి తవ్వాలంటే బండకు బెజ్జం వేసి, మందు కూరి పేల్చాల్సిందే. అవ్వ తమ్ముడు ఆ పనే చేసేవాడు. దుత్తలూరు దగ్గర ఒక బావిలో ఒత్తి వెలిగించినా మందు పేలలేదట. గట్టు మీదున్న రైతు దిగి చూడమన్నాడు. దిగాడు. అంతే.

అవ్వ కాదంటే మా ఇంట్లో ఇక మాట లేదు. నాకేమో పెళ్ళిచూపుల నాడు తలుపు సందులోంచి చూసినప్పుడే ఆయన నచ్చేశాడు. అంత నెమ్మదిగా కాఫీ తాగే మనిషిని మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. దాచడమెందుకు, ఆ పూట నేను మొక్కని దేవుడు లేడు.

అవ్వ మొదట ఆయన్ని చేతులు చాపమంది. మందు పని చేసేవాళ్ళకు వేళ్ళు సరిగ్గా ఉండవని ఆమెకు తెలుసు. పదివేళ్ళూ ఒక్కొక్కటే పట్టి చూసింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

“ఏంది అబ్బయ్యా నువ్వు చేసే పని?”

“మందు పేలేటప్పుడు ఆ పేలుడు దాంట్లో ఎంత వేగంగా పోతాదో కొలుస్తామవ్వా.”

“పేలిపోయినాక కొలిచేదానికి ఏముంటాది?”

ఆయన నవ్వలేదు. ముందే తీగలు అమరుస్తామనీ, దూరంగా గోడ చాటున ఉండి కరెంటుతో పేలుస్తామనీ ఓపిగ్గా చెప్పాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. అవ్వ మాత్రం వదల్లేదు.

“పేలకపోతే?”

“కొంచేపు ఆగి, పోయి చూడాల.”

“ఎవురు పోతారు?”

మధ్యవర్తి దగ్గాడు. పనివాళ్ళున్నారని ఒక్క మాట అంటే సరిపోయేది. చెప్పు మహానుభావా, చెప్పు అని తలుపు వెనక నేను కొట్టుకుంటున్నాను.

“నేనే పోతానవ్వా. పెట్టింది నేను గదా, ఇంకొకరిని ఎట్లా పంపేది?”

అవ్వ నాయన వైపు తిరిగి, “ముహూర్తం పెట్టించు” అంది.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అవ్వకు నచ్చిన మాటే నన్ను భయపెట్టింది. రిటైరయ్యేదాకా ఆయన ఆ పనే చేశాడు. అన్నేళ్ళూ, సాయంత్రం వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు వినబడేదాకా, నేను అవ్వను తిట్టుకుంటూనే ఉన్నాను.