నత్త కార్డు మీద రాసినది

నిన్న సాయంత్రం నాలుగూ నలభైకి నా బల్ల మీద ఒక రబ్బరు బ్యాండు తెగింది. మామిడితోట కౌలు కాగితాలకు చుట్టినది. ఎండకు మెత్తబడి వేలికి జిగురుగా అంటుకుంది, పాత రబ్బరు వాసన వచ్చింది. నూజివీడులో దస్తావేజులు రాసుకుని బతికే నాకు ఇది కొత్తేమీ కాదు. ఎదురుగా రెడ్డిగూడెం రైతు సంతకం కోసం పెన్ను మూత తీసి కూర్చున్నాడు. నేను మాత్రం లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చాను. సుభద్ర టీచరు కార్డుల కట్టలకు ఇలాంటి బ్యాండ్లే ఉండేవి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆ వాసన వస్తే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను.

ఆవిడ మాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు. ఆ ఏడు మా క్లాసుకు రాక్షసుల కార్డుల పిచ్చి పట్టింది. ఒక్కో కార్డు మీద ఒక రాక్షసుడి బొమ్మ, పైన కొన్ని నక్షత్రాలు, దాని బలం ఎంతో చెప్పే అంకె, అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు. బల్ల కింద ఆడుతూ నేను దొరికిపోయాను. "బడిలో పేకాటా?" అని కట్ట లాక్కుని, చీటీ మీద నా పేరు రాసి, బ్యాండు వేసి బీరువాలో పెట్టారు. "పరీక్షలయ్యాక వచ్చి అడుగు, ఇచ్చేస్తాను" అన్నారు. భయపడి అడగలేదు. నాలాగే చాలామంది అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను అద్దెకున్న వీధిలోనే ఆవిడ ఇల్లు. అప్పటికి రిటైరయ్యారు. ఒక సాయంత్రం వరండాలోంచి కేకేశారు. "ఒరే రవీ, ఇలా రా. ఇది నీదేగా?" ఒళ్లో కార్డుల కట్టలున్న బిస్కెట్ల డబ్బా, చేతిలో నా పేరున్న చీటీ.

"ఇప్పుడెందుకండీ టీచర్?"

"పేకాటన్నాను కదా. తీరిగ్గా కూర్చుని చదివాను. కాదురా. నిన్ను ఊరికే తిట్టాను. కూర్చో, ఆడదాం."

కూర్చోగానే నా చేతిలోని పెద్ద డ్రాగన్‌ని బల్ల మీద పెట్టేశాను.

"ఆగాగు. దీనికి నక్షత్రాలెన్ని?"

"ఎనిమిదండీ."

"అయితే ఇలా వచ్చి కూర్చోదు. బల్ల మీద నీవాళ్లు ఇద్దరుంటే, వాళ్లని వదులుకుంటేనే వస్తుంది. రూల్సు చదవలేదా?"

"మేం అంకె చూసి ఆడేవాళ్లమండీ. పెద్దది గెలుస్తుంది."

"ఏడాదంతా ఆడి ఒక్కడూ చదవలేదా! సైజు చూసి మామిడి రసాలు గంపల్లోకి విసిరినట్టు ఆడారన్నమాట."

ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో రాక్షసుల రకాలన్నీ రాసుకున్నారు. పసుపు అంచు ఉన్నవి మామూలువి. వాటికి బలం తప్ప ఇంకేమీ లేదు, అడుగున రాసింది ఉత్త కథ. నారింజ అంచు ఉన్నవాటికి అడుగున రాసింది షరతు, అది ఆటనే మార్చేస్తుంది. ఈ తేడా తెలియకుండా నేను నా చిన్నతనంలో ఒక ఏడాది ఖర్చు చేశాను. ఆ సాయంత్రం నావాళ్లు ఇద్దర్ని వదులుకుని తెచ్చిన డ్రాగన్‌ని, ఆవిడ బోర్లా పెట్టిన కార్డు మీదికి పంపాను. తిప్పారు. ఒక నత్త. బలం సున్నా. నవ్వబోయాను.

"అంచు రంగు చూశావా? చదువు."

ఈ నత్తను చంపినవాడు కూడా దీనితోపాటు పోతాడని ఉంది. నా డ్రాగన్ పోయింది.

తర్వాత రోజూ ఐదింటికి ఆట. డబ్బాలోని కార్డులు కలిపి ఇద్దరం పంచుకునేవాళ్లం. షుగరు ఆవిడ కళ్ల మీదికి వచ్చింది. చూపు పూర్తిగా పోకముందే కార్డులన్నిటికీ మూలల్లో సూదితో చుక్కలు గుచ్చుకున్నారు, ఒక్కోదానికి ఒక్కో లెక్క. తన కార్డులు బొటనవేలితో తెలుసుకునేవారు. నావి మాత్రం ముట్టుకునేవారు కాదు. నేను పైకి చదివితే, అదే ఆవిడకు ఆట. వందసార్లు చదివిందైనా చివరిదాకా చదవాలి. కిందటి వేసవికి కిడ్నీలు కూడా పాడయ్యాయి, మంచానికీ వరండాకూ మధ్యే తిరిగేవారు.

అప్పుడే ఆ పని చేశాను. ఆవిడ వరసగా ఓడిపోతున్నారు. ఆ రోజు డ్రాగన్‌ని నా బోర్లా కార్డు మీదికి పంపారు. అది నత్త. ఉన్నదున్నట్టు చదివితే డ్రాగన్ పోతుంది, తర్వాతి వంతులో ఆటా పోతుంది. "పసుపు అంచండీ, మామూలుది. పోయింది. మీరే గెలిచారు" అన్నాను.

ఆవిడ చెయ్యి చాపారు. "అంత గబగబా చెప్పావేంటి? ఇలా ఇవ్వు." మొదటిసారి నా కార్డు తీసుకుని మూల తడిమారు. "నత్త."

"అది కాదండీ టీచర్..."

"పోయేదాన్ని కదా, గెలిపిద్దామనుకున్నావా? నాకు కళ్లు లేవు. నువ్వు చదివిందే ఉంది. అదీ తీసేస్తావా? రేపట్నుంచి రాకు."

నాలుగు రోజులు ఐదయ్యేసరికి ఆ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. ఒకరోజు ఊరికే బండి మీద ముసునూరు వెళ్లి వచ్చాను. మంచికే చేశాను కదా అని కోపం వచ్చేది. ఆవిడకు ఎన్ని రోజులున్నాయో ఎవరికీ తెలియదు, అవి నా వల్ల ఇలా పోతున్నాయని భయం వేసేది. ఐదో రోజు ఆవిడకు వంట చేసే నాగమణి నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఏంటండీ మీరిద్దరూ, చంటిపిల్లల్లాగా! ఆ కార్డుల బల్ల మీద నన్ను గుడ్డ కూడా పెట్టనివ్వట్లేదు. రమ్మన్నారు, పదండి."

కార్డులు వదిలినవి వదిలినట్టే ఉన్నాయి.

"అక్కణ్ణుంచే. తిప్పి చదువు."

చదివాను.

"నెమ్మదిగా."

మళ్లీ చదివాను. డ్రాగన్‌ని ఆవిడే పక్కకు తీశారు. నా వంతులో ఆట అయిపోయింది. "ఇప్పుడు ఓడిపోయాను" అన్నారు. తర్వాత, "టీ తాగుతావా?" అన్నారు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత పదకొండు ఆటలు ఆడాం. నాలుగు ఆవిడ గెలిచారు. ఆ వేసవిలోనే, రసాల లారీలు ఇంకా వెళ్తుండగానే ఆవిడ పోయారు.

నిన్న గుమ్మం దగ్గర్నుంచి తిరిగొచ్చి కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. "చదవక్కర్లేదండీ, ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు" అన్నాడు రైతు. వినమన్నాను. మూడో పేజీలో, గాలికి కాయ రాలితే ఆ నష్టం ఎవరిదో చెప్పే షరతు దగ్గర అతను చెయ్యెత్తాడు. "మళ్లీ చదవండి." నెమ్మదిగా చదివాను. "ఇది నాకు చెప్పలేదే" అని పెన్నుకు మూత పెట్టి, కాగితాలు మడిచి పట్టుకుపోయాడు.

డబ్బా నాగమణి నాకే ఇచ్చింది. నా సొరుగులో ఉంది. నిన్న ఐదింటికి ఆవిడ ఇంటి ముందునుంచే ఇంటికి వెళ్లాను. ఆ వరండాలో ఇప్పుడు ఎవరూ కార్డులు పైకి చదవరు.