కిలోమీటరమ్మకు వచ్చిన ప్రశ్నలు

సరుకు రవాణా ఆఫీసులో ఆమెను అందరూ కిలోమీటరమ్మ అనేవారు. ఎవరైనా రెండు పిన్‌కోడ్‌లు మెసేజ్ పెడితే, వాటి మధ్య దూరం అంచనా కట్టి, లారీ ఎప్పటికి చేరుతుందో చెప్పడం ఆమె పని. ఒక ఏరియా నడిమధ్య నుంచి ఇంకో ఏరియా నడిమధ్యకు లెక్క. కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఒక సోమవారం తెలియని నంబరు నుంచి ప్రశ్న వచ్చింది. సరుకు చేరవలసిన పిన్‌కోడ్ ఆమె ఉండే పేటదే. దూరం ఆరు వందల పైచిలుకు. జవాబు పంపి మరిచిపోయింది. మర్నాడు మళ్లీ అదే నంబరు, అదే పేట. బయలుదేరే చోటు మాత్రం మారింది. దూరం సగమైంది. ఆ మర్నాటికి వందలోపే.

"సరుకేమిటండీ?" అని అడిగింది.

"నాదే. ఇల్లు వదిలి పోయింది" అని జవాబు.

ఆ నంబరు ఎవరిదో ఆమెకు అర్థమైంది. మొగుడి దెబ్బలకు తాళలేక వచ్చేసిన అక్క కొన్నాళ్లుగా తన దగ్గరే తలదాచుకుంటోంది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, బావకు మా అడ్రసు చెప్పావా?"

"అడ్రసెందుకు చెబుతానే? కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పిన్‌కోడొక్కటే చెప్పాను. దాంతో ఏం చేస్తాడు?"

నిజమే, ఒక్క పిన్‌కోడ్ కింద వేల ఇళ్లుంటాయి. అలాగే మనసుకు సర్దిచెప్పుకుంది. అక్కను బెదరగొట్టడం ఎందుకని ఇంట్లో నోరు మెదపలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన మెసేజ్‌లో పిన్‌కోడ్‌లు లేవు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలున్నాయి. మ్యాప్‌లో పెడితే ఒక చుక్క వాళ్ల సందు మొదట్లో పడింది. రెండోది సరిగ్గా వాళ్ల డాబా మీద. కింద ఒక్క మాట: "మరదలా, పేటంతా ఆరా తీశాను. ఈసారి అంచనా అక్కర్లేదు."

వెంటనే అక్కకు ఫోన్ కలిపింది. "అక్కా, ఏమీ అడక్కుండా విను. వెనక గోడ దాటి పక్కింటి పిన్నిగారి దగ్గరికెళ్లు."

"ఉండవే, ఎవరో తలుపు కొడుతున్నారు."

"తీయకు. వెళ్లు."

పోలీసులను వెంటబెట్టుకుని ఆమె చేరేసరికి తలుపు గడియ ఊడి వేలాడుతోంది. అక్క పక్కింట్లో నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. అతను లేడు. అక్క సగంలో వదిలేసిన భోజనం తిని, కంచం కడిగి బోర్లించి మరీ వెళ్లాడు.

ఆ సాయంత్రమే అక్కచెల్లెళ్లు ఊరు మారారు. కొత్త పిన్‌కోడ్ తల్లికి కూడా చెప్పలేదు. అతను ఇంతవరకు దొరకలేదు.