చచ్చిన ఊలు

ఆటోనగర్‌లో మాది లారీల యాక్సిళ్లు కాల్చి సాగగొట్టే షాపు. వేడి బయటికి పోకుండా ఫర్నేసు లోపలంతా తెల్లటి దుప్పటి కడతాం. ఊలు అంటాం గానీ అది ఊలూ కాదు, పాడూ కాదు. అల్యూమినా, ఇసుక కలిపి కరిగించి తీసిన గాజు పోగులు. కొత్తది ముట్టుకుంటే దూలగొండి రాసుకున్నట్టే. అందుకని ఊలు కట్టే రోజు మాస్కు లేకుండా ఎవడైనా వచ్చాడో, తిట్టి పంపేవాణ్ణి. సూపర్‌వైజర్‌ని కదా! మా బావని పనిలో పెట్టింది నేనే. ఆయన్ని కూడా వదిలేవాణ్ణి కాను.

షాపులో పది ఫర్నేసులు, ఒక్కోదానిలో ఏడాదికోసారి పాతది పీకాలి. పన్నెండు వందల డిగ్రీల్లో కాలీ కాలీ పెళుసెక్కిపోయి, పట్టుకుంటే అప్పడంలా విరిగి పొడి రాలుతుంది. దురద మాత్రం ఉండదు. చచ్చిన ఊలు అనేవాళ్లం. మొదటిసారి బావ మాస్కు కట్టుకోబోతే, "చచ్చినదాన్ని చూసి భయమేంటి బావా? అది కరవదులే, తీసెయ్" అన్నాను. అసలే బెజవాడ ఎండ. నవ్వి తీసేశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు పాత ఊలు పీకే పని ఆయనదే. ఒళ్లంతా పిండి పూసుకున్నట్టు బయటికొస్తే పడీ పడీ నవ్వేవాళ్లం.

ఇప్పుడు బావకి పది మెట్లు ఎక్కితే ఆయాసం. ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఏ పొడి పీల్చారండీ ఇన్నేళ్లు?" అన్నాడు. మర్నాడే ఊలుతో పాటు వచ్చిన కాగితాలు తీశాను. రెండో పేజీలోనే ఉంది. అంత వేడిలో నెలల తరబడి ఉంటే ఆ గాజు గాజుగా మిగలదట, స్ఫటికాలు కడుతుందట. ముల్లైటు, దానితో పాటు క్రిస్టోబలైటు. ఆ రెండోదాని పొడి ఊపిరితిత్తుల్ని బండబారుస్తుంది కాబట్టి, పాతది పీకేటప్పుడు మంచి మాస్కు తప్పనిసరి. ఇన్నేళ్లూ ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. నా డిప్లొమా తగలెయ్య! సిగ్గుతో చచ్చిపోయాను.

మొన్న బావతో, అక్కతో కలిసి మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకున్నాను. అందరి ముందూ చెప్పేద్దామనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"మా బామ్మర్ది మాస్కు లేందే ఊలు ముట్టనిచ్చేవాడు కాదండీ. నేనే ఎప్పుడో అశ్రద్ధ చేసుంటాను."

అక్క ఆయన మీద విరుచుకుపడింది. "వాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడుగా! వింటే మీ సొమ్మేం పోయేది?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను.