దగ్గు తీసేసిన పాట

మొన్న ఆదివారం పాత కంప్యూటర్‌లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తుంటే మా బావ పాట ఉన్న ఫోల్డర్ తగిలింది. తెరిచాను. ఒకదాని కింద ఒకటి పదకొండు ట్రాకులు. ఎనిమిదింటిలో ఆయన గొంతు, రెండింటిలో తాళాలు, డప్పు. అట్టడుగున, శబ్దం ఆపేసి పెట్టిన పదకొండో ట్రాకుకు నేనే పెట్టిన పేరు: 'చెత్త'. పాటలోంచి కోసేసిన దగ్గులన్నీ అందులో వరుసగా ఉన్నాయి. తెలిసే నొక్కాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆపుండ్రి" అంది.

బావ అంటే మా అక్క భర్త. సారపాక దాటాక ఒక పల్లెలో జామాయిలు తోట, కాస్త మిరప చేసేవాడు. ఏటా నవమి ముందు వాళ్ల ఊరి గుంపు భద్రాచలం నడిచి వెళ్లేది. దారి పొడవునా పాడుకోవడానికి బావ వాళ్ల నాన్న కట్టిన పాట ఒకటి ఉండేది. గుంపులో కొందరు పోయారు, కొందరికి మోకాళ్లు మొరాయించాయి, చివరికి పాట మొత్తం వచ్చినవాడు బావ ఒక్కడే మిగిలాడు. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మా ఇంటికి వచ్చినప్పుడు, నేను నా గొంతు మీద నా గొంతునే పేర్చి కూనిరాగాలు రికార్డు చేసుకోవడం చూసి ఆశ్చర్యపోయాడు. "అంటే ఒక్కణ్నే ఎనిమిది మందిని జేస్తవా బామ్మర్దీ? మా ఊరి లీడర్లకు చెప్పకు, ఓట్లు గిట్లనే ఏయించుకుంటరు" అన్నాడు. ఆ రోజే అనుకున్నాం, నవమిలోగా పాట పూర్తి చేయాలని.

చలి వెనకబట్టాక వరుసగా ఐదు ఆదివారాలు వచ్చాడు. మా వెనక గదిలో గోడలకు బొంతలు కొట్టి, కిటికీ మూసి, చప్పుడొస్తుందని ఫ్యాన్ ఆపేసేవాణ్ని. ఆ ఉక్కలో ఆయన కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్ జారకుండా తలపాగాలా పట్టుకుని పాడేవాడు. మొదట్లో మేమంతా చెవిటివాళ్లమన్నట్టు అరిచేవాడు. నడక పాటకు ఒక పద్ధతి ఉందట. ముందువాడు చరణం అంటాడు, గుంపు వంత పాడుతుంది, ఆ వంత సాగినంతసేపూ ముందువాడు నోరు మెదపకూడదు. ఎందుకని అడిగాను. "వంత ఎందుకనుకున్నవ్? ముందటోడు ఊపిరి దీసుకోనీకి" అన్నాడు. నేను తలూపి, ముందువాడి గొంతూ, ఏడుగురి వంతా ఆయన చేతే పాడించాను.

మొదటి ఆదివారం చిన్న దగ్గు. మిరప కోతల కాలంలో మావైపు దగ్గని ఇల్లుండదు, ఎవరూ పట్టించుకోరు. నేనూ కోసి పక్కన పెట్టాను. తెర మీద పాట అలలా ఉంటుంది, దగ్గు ముల్లులా నిలబడుతుంది, ఏరడం తేలిక. మూడో ఆదివారానికి ముళ్లు దట్టమయ్యాయి. చరణం మధ్యలో ఊపిరి తెగడం మొదలైంది. ఒకసారి పాడిన దాంట్లోంచి ముందు సగం, ఇంకోసారి పాడిన దాంట్లోంచి వెనక సగం తీసి అతికాను. అతుకు తెలియలేదని మురిసిపోయాను కూడా. "దగ్గు పడ్డదా?" అని అడిగేవాడు బెరుగ్గా. "పడనీ బావా, తీసేస్తగా" అనేవాణ్ని, నేనేదో వైద్యుణ్నయినట్టు.

హెడ్‌ఫోన్‌లో ఆ దగ్గును నా అంత దగ్గరగా విన్నవాళ్లు లేరు. దాని తోకన ఒక పచ్చి గురగుర ఉండేది. గోడ అవతలి నుంచే విని మా ఆవిడ, "అది మిరప దగ్గు కాదు. ముందుగాల దవాఖానాకు తీస్కపోండ్రి" అంది. నవమి దగ్గరికొచ్చింది, పండుగ దాటితే ఈ పాట ఎవరు వింటారన్నాను. నిజమేమిటంటే, పాటను నెట్‌లో పెట్టే వీడియో కింద 'సంగీతం' అన్న మాట పక్కన నా పేరు చూసుకోవాలని ఉంది.

పాట పూర్తయిన రోజే బావ ఫోనుకు పంపాను. ఆయనను ఖమ్మం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని అక్క అప్పటికి బట్టల సంచి సర్దిపెట్టిందట. ఆయన నులకమంచం మీద కూర్చుని పాట పెట్టి, "ఇను. ఎనిమిది గొంతులు, ఒక్క దగ్గన్నా ఉందా? నీ చెవులకే వచ్చింది జబ్బు" అన్నాడట. అక్కకు నవ్వొచ్చింది. అయినా నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, నిజంగ దగ్గకుండనే పాడిండారా?"

"అవ్ అక్కా, ఇన్నవు గదా" అన్నాను.

ఆమె సంచిలోంచి బట్టలు తీసి మళ్లీ దండేనికి వేసింది.

నవమి వెళ్లిన వారానికి మిరప కల్లంలో నెత్తురు కక్కుకున్నాడు. టీబీ అన్నారు. రెండు వైపులా తినేసింది. "మందులకు లొంగే జబ్బే ఇది. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ వినలేదా ఈ దగ్గు?" అని డాక్టరమ్మ అడిగింది. అక్క తల దించుకుంది. ఆ తప్పు ఆమెది కాదని చెప్పాల్సినవాణ్ని, ఆమె వెనకే నిలబడి ఉన్నాను. తొలకరికి బావ లేడు. పాట కింద మాత్రం, ఊరంతా కలిసి ఎంత బాగా పాడారోనని ఎవరెవరో రాస్తూనే ఉన్నారు.

మొన్న ఆ 'చెత్త' ట్రాకు విన్నాక ఇక ఉండలేక మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. అక్క వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏం కోశానో, ఎందుకు కోశానో, ఫోన్లో ఏం అబద్ధమాడానో అంతా చెప్పాను. చేతులాపకుండా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"మంచి దగ్గు కాదని ఎప్పుడెరుకైందిరా నీకు?"

"మూడో ఆదివారం."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "కల్లంల పడే నాటికి నలభై దినాలు" అని, చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చున్నాను. పిలవలేదు. ఆ రోజులు పాట ముగించడానికి ఎక్కడ చాలవోనని పరుగులు పెట్టాను. మనిషి బతకడానికి అవి చాలేవేమోనని ఒక్క రోజూ అనుకోలేదు.