సముద్రం ఒడ్డున తొమ్మిది రోజుల వంట

సునామీ వచ్చిన మర్నాడు మా ఊరి భజన బృందం వంట చేయడానికి బయలుదేరింది. పదకొండు మందిమి. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె, మాలో సగం మంది అప్పటిదాకా సముద్రాన్నే చూడలేదు. పొలాల్లో పత్తి తీతలు నడుస్తున్నాయి. కూలీల సంగతి మా ఆవిడకి అప్పజెప్పి నేనూ లారీ ఎక్కాను. జిన్నింగ్ మిల్లువాళ్ళిచ్చిన లారీ అది. చీరాల చేరేసరికి బియ్యం బస్తాలకీ, మా తలలకీ దూది అంటుకుని ఉంది.

మా గురువుగారు దర్జీ పని చేసేవారు. సీతారాముల పటాన్ని ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నారు. ఏ ఊరు వెళ్ళినా ఆ పటం మాతో రావాల్సిందే.

మేం దిగిన జాలరిపల్లెలో ఇళ్ళు లేవు, గుంజలు మిగిలాయి. వలలు సరుగుడు చెట్లకి చుట్టుకుని ఉన్నాయి. పొయ్యి కోసం ఇసుక తవ్వితే నీళ్ళు ఊరుతున్నాయి. మెరక మీదున్న చిన్న చర్చి దగ్గర మాత్రమే నేల పొడిగా ఉంది. అక్కడ ఒక సిస్టర్‌గారు ముందురోజు నుంచే గంజి కాచి పోస్తున్నారు. మేం తచ్చాడడం చూసి ఆవిడే లారీ దగ్గరికి వచ్చారు.

"మా రేకుల కింద రెండు పొయ్యిలు ఖాళీగా ఉన్నాయండి. కట్టెలు కూడా తడవలేదు. రండి."

గురువుగారు చర్చి వైపు చూశారు, పటం వైపు చూశారు. పటాన్ని తువ్వాల్లో చుట్టి లారీలోనే ఉంచి, బస్తా భుజానికెత్తుకున్నారు. సాయంత్రం సిస్టర్‌గారికి ఆ సంగతి తెలిసింది. "అయ్యో, అక్కడ దుమ్ములో ఎందుకండీ?" అంటూ తనే ఒక బెంచీ తుడిచి రేకుల కింద వేయించారు. ఆ తొమ్మిది రోజులూ పటం అక్కడే ఉంది. తాళాలు మాత్రం మేం సంచిలోంచి తీయలేదు. ఏడుపులు వినిపించేచోట తాళం వేయొద్దని గురువుగారు చెప్పారు.

వండడమైతే వండాం గానీ, మా చేతులు మా ఊరి చేతులు. మిరప పండించేవాళ్ళం, కారం తగ్గించడం తెలియదు. పిల్లలు ఒక ముద్ద తిని నీళ్ళకోసం పరిగెత్తేవారు. మిగిలినదాన్ని చూసి నాకు సిగ్గేసేది.

చర్చి మెట్ల దగ్గర ఒకావిడ సముద్రానికి ఎదురుగా కూర్చుని ఉండేది. యాభై ఏళ్ళుంటాయి. సునామీ వచ్చిన ఉదయం చేపల వేటకి వెళ్ళిన భర్త ఇంకా దొరకలేదు. ఎవరు పెట్టినా తినదు, మాట్లాడదు. సిస్టర్‌గారు గంటకోసారి వెళ్ళి పక్కన కూర్చుని, కాసిని నీళ్ళు తాగించి వచ్చేవారు. ప్రార్థన చేద్దామని గానీ, ధైర్యం తెచ్చుకోమని గానీ ఆవిడతో అనడం నేను వినలేదు.

అయిదో రోజు ఒక పసివాడు నేను పెట్టిన పులుసన్నం నోట్లో పెట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు. మెట్ల మీదావిడ లేచి వచ్చింది. వాడి కంచంలో వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.

"ఏందయ్యా ఇది? పులుసా, కారం నీళ్ళా? పసిపిల్లలు ఏం కావాలనుకున్నావు?"

నా చేతిలోంచి గరిటె లాక్కుంది. మర్నాటి నుంచి పొయ్యి దగ్గర పెత్తనం ఆవిడదే. వంకాయల్ని చేప ముక్కల్లా కోయించేది. చింతపండు పిసికి, మా కారం చిటికెడు వేసేది. మొదటి పూటే గురువుగారు అలవాటుగా గరిటెతో కలపబోతే కసిరింది.

"గరిటె పెట్టబాకండి! చెరో పక్కా పట్టుకుని కుదపండి."

గుడ్డలు పట్టుకుని ఆయనా నేనూ గుండిగని మెల్లగా తిప్పాం.

"మెల్లగా. ముక్క విరిగితే ఆయన తినడు," అంది.

అనేసి ఆగిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. అన్ని రోజుల్లో ఆవిడ ఏడవడం అదే మొదలు. సిస్టర్‌గారు వచ్చి ఆవిడ తల తన ఒళ్ళో పెట్టుకున్నారు. గురువుగారు గుండిగ వదల్లేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిప్పుతూనే ఉన్నారు. ఆ పూట పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. ఆవిడ కూడా తింది.

మేం తిరిగొచ్చే రోజు ఆవిడ లారీ దాకా వచ్చింది. "ఈసారి ఊరికే రండయ్యా. ఏ కష్టమూ లేనప్పుడు రండి," అంది.

వస్తామన్నాం. పత్తి అయ్యాక మిరప కోతలు, తర్వాత పెళ్ళిళ్ళు, మళ్ళీ దుక్కులు. బస్సెక్కితే పూటలో చేరే ఊరికి నాలుగేళ్ళు వెళ్ళలేకపోయాను. ఈలోగా గురువుగారు పోయారు, భజన బృందం చెదిరిపోయింది.

చివరికి ఒక్కణ్ణే వెళ్ళాను. సిస్టర్‌గారికి వేరే ఊరు బదిలీ అయిందట. పల్లెని సముద్రానికి దూరంగా జరిపి కాలనీ కట్టారు. అడుగుతూ వెళితే తాళం వేసిన తలుపు చూపించారు. "నిజాంపట్నంలో వాళ్ళ చెల్లెలి దగ్గరికి పోయిందండీ, రెండేళ్ళయింది. మీరేమవుతారు?" అనడిగింది పక్కింటావిడ.

"తెలిసినవాణ్ణమ్మా," అన్నాను. ఆ అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

నిజాంపట్నం కూడా దూరమేం కాదు. అక్కడ అడిగినా ఆవిడ దొరక్కపోతేనో అన్న భయంతో ఇన్నేళ్ళూ వెళ్ళలేదు. ఆ తొమ్మిది రోజులు బతికినంత దగ్గరగా తర్వాత నేను ఎవరితోనూ బతకలేదు.