పడవకు చిల్లు పెట్టిన మరదలు

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకున్నది ఇత్తడి సోనార్ గొట్టం. నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన చప్పుడునుబట్టి చేపల జాడ చెబుతుందట.

"పడవ అడుగున చిల్లు పెట్టి బిగించాలి. పడవ మా అక్కాబావలది. తేడా వస్తే వాళ్ల బతుకే మునుగుతుంది," అంది.

కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్లను ఎన్నో దేశాల్లో చూశాను గానీ, తేలే పడవకు చిల్లు పెట్టేవాళ్లను చూడలేదు. ఆమె వెంటే దిగిపోయాను.

రేవులో అక్కతోపాటు బావ ఎదురొచ్చాడు. "ఉన్న చిల్లులు చాలవా, మరదలా?"

"నీ బుర్రకున్నన్ని ఉండాలిగా, బావా!"

ఒడ్డున ఎత్తిపెట్టిన పడవలో డ్రిల్లు గిర్రున తిరిగింది. గుప్పెడు వెలుగు లోపలికి దూకింది. బావ కళ్లు మూసుకున్నాడు. ఆమె గొట్టం దించి, చుట్టూ జిగురు పట్టించి, నట్టు బిగించింది. రెండు రోజులు ఆరనిచ్చారు. నేనూ కదల్లేదు.

మూడో రోజు పొద్దున పడవ నీళ్లలోకి జారింది. లోపల ఆమె ఒక్కతే. బోర్లా పడుకుని, సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడరు తీసి నట్టు చుట్టూ చల్లింది.

"ఇప్పుడా సింగారం?" ఒడ్డునుంచి బావ అరిచాడు.

"చుక్క నీరొచ్చినా ముద్దవుతుంది. నోర్మూసుకో!"

అరగంట గడిచింది. "పొడిగానే ఉంది!"

అందరం పడవలోకి దూకాం. అక్క స్విచ్చి వేసింది. గొట్టానికి తగిలించిన చిన్న తెరమీద నీటి అడుగు గీతలా లేచింది, దానిపైన మబ్బులా చేపల గుంపు! అక్క గంతులేసింది, బావ వలకోసం పరుగెత్తాడు, నేను ఈలేశాను.

శభాష్ అందామని తిరిగేసరికి, మరదలు అప్పటికే ఒడ్డుకు దిగి, మిగిలిన పౌడరు ముఖానికి అద్దుకుంటూ, చెప్పాపెట్టకుండా బస్టాండు దారి పట్టింది.